ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, కాలేజీలో ఇంగ్లీషు

(సమాఖ్య వార్షికోత్సవ అంతర్జాల సభలో విద్యా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మేము ముగ్గురం. ఇద్దరం సోలాపూర్‌లో, ఒకరు సేలంలో కాలేజీ పిల్లలకు పాఠాలు చెప్తున్నాం. ముగ్గురం నేత ఇళ్లలో పుట్టినవాళ్లమే. ఈ మాటలు ముగ్గురం కూర్చొని రాసుకున్నవి, చదివేది ఒక గొంతు అయినా. విషయం ఒకటే: మన పిల్లలు డిగ్రీకి, ఇంజనీరింగుకు వెళ్లినప్పుడు పాఠాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి గదా, దాంతో వాళ్లకు ఏమవుతోంది, మన సమాఖ్య విద్యానిధి ఆ విషయంలో ఏం చెయ్యగలదు అని. ఈ ఏడు నిధిని ఎట్లా ఖర్చు పెట్టాలన్న తీర్మానం ఈ సాయంత్రమే మీ ముందుకు వస్తోంది కాబట్టి కాస్త ఓపికగా వినండి.

ముందు మన ఇంటి సంగతి. సోలాపూర్‌లో మన పిల్ల ఇంట్లో అవ్వతో, బాపుతో తెలుగు మాట్లాడుతుంది. ఆ తెలుగులో కరీంనగర్, నల్లగొండ, పాలమూరు యాసలు ఉంటాయి, మధ్యలో మరాఠీ పలుకులు దొర్లుతుంటాయి. గల్లీలో దిగితే మరాఠీ, బజారులో హిందీ. బడి మరాఠీదో, తెలుగుదో, ఈ మధ్య ఎక్కువగా ఇంగ్లీషు అని బోర్డు పెట్టినదో. సేలంలో అయితే ఇంట్లో తెలుగు లేదా కన్నడం, బయట అంతా తమిళం. దేవాంగుల్లోనే ఒక వీధి తెలుగు, పక్క వీధి కన్నడం మాట్లాడేవి ఉన్నాయి. బరంపురంలో తెలుగు, ఒడియా రెండూ ఒకే వాక్యంలో కలిసి నడుస్తాయి. యానాం పిల్లలకు ఇంటి భాష, ఊరి భాష రెండూ తెలుగే. ఆ ఒక్క విషయంలో మనందరిలో వాళ్లు అదృష్టవంతులు. కానీ వాళ్ల యూనివర్సిటీ ఎక్కడో ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల పుదుచ్చేరిలో ఉంది.

ఇన్ని భాషలు వచ్చిన పిల్లలు భాషలో బీదవాళ్లు ఎట్లా అవుతారు? అవరు. మూడు భాషల్లో బేరం ఆడగలిగిన పిల్ల మొదటి సెమిస్టరులో ఇంగ్లీషు పేపరు ముందు మూగది అయిపోతోందంటే లోపం ఆ పిల్లలో లేదు. ఇది మేము మొదటే చెప్పదలుచుకున్నాం. ఎందుకంటే తల్లిదండ్రులు మా దగ్గరికి వచ్చి, "మా పోరికి తెలివి లేదు సార్, పెండ్లి చేసేస్తం" అని అంటుంటారు. తెలివి లేక కాదమ్మా.

ఒక ఉదాహరణ చెప్తాం. టెక్స్‌టైల్ చదివే పిల్లలకు మొదటి ఏడాదిలోనే నేతలోని మూడు ముఖ్య కదలికలు చెప్తారు: షెడ్డింగ్, పికింగ్, బీటింగ్ అప్. పడుగు పోగులు కొన్ని పైకి, కొన్ని కిందికి విడిపోయి నాడెకు దారి ఇవ్వడం మొదటిది. ఆ దారిలో నాడె పేకను మోసుకుపోవడం రెండోది. పన్నె వచ్చి ఆ పేకను గుడ్డ అంచుకు కొట్టడం మూడోది. ఇందులో మనోళ్లకు తెలియనిది ఏముంది? గుంట మగ్గం మీద కూర్చున్న ఎనిమిదేళ్ల పిల్లకు కూడా కాళ్ల కింద తెలుసు. పవర్‌లూం కారఖానాలో పెరిగిన పిల్లవాడికి చప్పుడు వింటేనే ఏ కదలిక తప్పిందో తెలుస్తుంది. అదే పిల్లవాడు పరీక్షలో ఆ ప్రశ్నకు మూడు పేర్లు రాసి ఆగిపోతాడు. పక్క బల్ల మీద, జన్మలో మగ్గం చూడని పిల్లవాడు గైడు బట్టీ పట్టి రెండు పేజీలు నింపుతాడు. మార్కులు ఎవరికి వస్తాయో మీకు చెప్పనక్కరలేదు.

నూలు నంబర్ల సంగతి ఇంకా విచిత్రం. నూలులో 40 నంబరు కంటే 80 నంబరు సన్నం అని మన ఇళ్లలో అందరికీ తెలుసు. పట్టులో, పాలియెస్టర్‌లో డెనియర్ అంటారు, అది పెరిగితే దారం లావు అవుతుంది. ఒకచోట అంకె పెరిగితే సన్నం, ఇంకోచోట పెరిగితే లావు. పుస్తకంలో దీన్ని ఇన్‌డైరెక్ట్ పద్ధతి, డైరెక్ట్ పద్ధతి అని రాస్తారు. ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు ఎన్ని ఉన్నాయో చెప్పేది కౌంటు. అంటే బరువు మారదు, పొడవు పెరుగుతుంది, కాబట్టి దారం సన్నబడుతుంది. 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పేది డెనియర్. అక్కడ పొడవు మారదు, బరువు పెరుగుతుంది. సేలంలో ఒక కుర్రవాడు ఈ పాఠం తలకెక్కడం లేదని వెనక కూర్చున్నాడు. వేళ్ల మధ్య నలిపి దారం నంబరు చెప్పగలిగినవాడు! నీ భాషలోనే చెప్పరా అంటే, తెలుగు తమిళం కలిపి ఐదు నిమిషాలు వివరించాడు, మేము చెప్పినదాని కంటే బాగా. తర్వాత అదే మాటను ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాయమంటే రాశాడు. వ్యాకరణం తప్పులు ఉన్నాయి, విషయం తప్పు లేదు. అర్థం ముందు కుదరాలి, ఇంగ్లీషు దాని మీద కూర్చోవాలి. చాలా తరగతుల్లో ఇది తలకిందులుగా నడుస్తోంది.

అయితే యూనివర్సిటీ చదువే తెలుగులో ఉంటే పోదా అని కొందరు పెద్దలు అడుగుతారు. అడిగేది న్యాయమే. దానికి కొంచెం వెనక్కి వెళ్లాలి.

1835లో కంపెనీ ప్రభుత్వం ప్రభుత్వ ధనంతో ఇంగ్లీషు చదువు చెప్పించాలని నిర్ణయించింది. 1854లో వచ్చిన వుడ్ తాఖీదు కింది చదువులు దేశభాషల్లో, పై చదువులు ఇంగ్లీషులో అని గీత గీసింది. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు పుట్టాయి. ఆ గీత ఇప్పటికీ చెరగలేదు. 1964-66 నాటి కొఠారీ కమిషన్ పదేళ్లలో విశ్వవిద్యాలయాల్లో ప్రాంతీయ భాషలు బోధనా భాషలు కావాలంది. పి.వి. నరసింహారావు గారు తొలి అధ్యక్షులుగా 1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది, కాలేజీ పుస్తకాలు తెలుగులో వేసింది. అన్నా యూనివర్సిటీ 2010లో సివిల్, మెకానికల్ ఇంజనీరింగ్ తమిళంలో మొదలుపెట్టింది. 2023లో కొన్ని కాలేజీల్లో ఆ కోర్సులు ఆపుతున్నామని ప్రకటించి, గొడవ అయ్యాక ఆ ప్రకటనను వెనక్కి తీసుకుంది. 2020 జాతీయ విద్యావిధానం తర్వాత, 2021 నుంచి ఇంజనీరింగ్‌ను తెలుగు, మరాఠీ, తమిళం, కన్నడంతో సహా ప్రాంతీయ భాషల్లో చెప్పేందుకు సాంకేతిక విద్యామండలి అనుమతి ఇచ్చింది.

వినడానికి బాగుంది. కానీ ఈ లెక్కల్లో మనం ఎక్కడ ఉన్నాం? మాతృభాష అని కాగితం మీద రాసినప్పుడు, ఆచరణలో దానికి అర్థం ఆ రాష్ట్రభాష. మహారాష్ట్రలో మరాఠీ, తమిళనాట తమిళం. మన పిల్లకు అది రెండో భాష. రాజ్యాంగంలో 350ఎ అధికరణం 1956లో వచ్చింది, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించమంటుంది. కానీ అది ప్రాథమిక దశకే. అయిదో తరగతి దాటితే మన ఊసు లేదు. 30వ అధికరణం మన బడులు, కాలేజీలు మనం పెట్టుకొనే హక్కు ఇచ్చింది. పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు, వాళ్లకు దండం. కానీ కాలేజీ మనదైనా యూనివర్సిటీ మనది కాదు, ప్రశ్నపత్రం మనది కాదు.

ఇది కొత్త కథ కూడా కాదు. మన తాతల్లో చాలామంది నైజాం రాజ్యం నుంచి వలస వచ్చినవాళ్లే గదా. ఆ రాజ్యంలో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టారు. ఇంగ్లీషు కాకుండా దేశభాషలో, అంటే ఉర్దూలో, వైద్యం సహా అన్నీ బోధించారు. అనువాదాలకు ప్రత్యేకంగా ఒక శాఖనే పెట్టి శాస్త్రాలకు ఉర్దూ మాటలు తయారు చేశారు. గొప్ప సాహసం, సందేహం లేదు. ఇంగ్లీషు లేకుండా పెద్ద చదువు సాధ్యమేనని చూపించారు. కానీ ఆ రాజ్యంలో ఎక్కువమంది ప్రజల ఇంటి భాషలు తెలుగు, మరాఠీ, కన్నడం. వరంగల్ పిల్లవాడికి ఆ ఉర్దూ కూడా ఇంకొకరి భాషే. 1948 తర్వాత అక్కడ ఇంగ్లీషు వచ్చింది. దేశభాష అనే పేరు వినగానే మనం చప్పట్లు కొట్టకూడదు. ఎవరి దేశభాష అని అడగాలి.

సోలాపూర్‌లో తెలుగులో బీకాం పెట్టమని మేము అడగం, ఆ విషయం నిర్మొహమాటంగా చెప్తున్నాం. మొదటి కారణం, చాలామంది పిల్లలకు తెలుగు నోట ఉంది గాని చేతిలో లేదు. సేలం పిల్లలు తెలుగు అందంగా మాట్లాడతారు, తెలుగు అక్షరం చదవలేరు. రెండో కారణం, పుస్తకాల తెలుగు మన తెలుగు కాదు. అకౌంట్స్‌లో డిప్రిసియేషన్‌కు అకాడమీ పుస్తకంలో 'తరుగుదల' అని ఉంటుంది. మంచి మాటే. మా తరగతిలో ఆ మాట చెప్తే పిల్లలు బిక్కమొహం వేశారు. 'ఘసారా' అనగానే అందరి తలలూ ఊగాయి. అది మరాఠీ మాట. వాళ్ల బాపు పాత మగ్గం అమ్మేటప్పుడు ఇంట్లో వినపడే మాట. పడుగు, పేక అన్నా అంతే. సేలంలో పావు, ఊడై అంటేనే తెలుస్తుంది, కర్ణాటకలో హాసు, హొక్కు అనాలి. ఒకే కులం, ఒకే పని, ఊరూరికీ మాట వేరు.

మూడో కారణం తల్లిదండ్రులు. వాళ్లకు ఇంగ్లీషు కావాలి. పుణేలోనో, హైదరాబాదులోనో, బెంగళూరులోనో ఉద్యోగం అడిగేది ఇంగ్లీషులో. బీడీలు చుట్టి ఫీజు కట్టే తల్లికి ఈ సంగతి మన మేధావుల కంటే బాగా తెలుసు. ఆమెను వెర్రిది అనే హక్కు ఎవరికీ లేదు, అందులోనూ తమ పిల్లలను ఇంగ్లీషు బడుల్లో చదివించుకున్న భాషాభిమానులకు అసలు లేదు. కాకపోతే ఇంగ్లీషు రావడం వేరు, అన్నీ ఇంగ్లీషులోనే చెప్తే ఇంగ్లీషు వస్తుందనుకోవడం వేరు. ఇంగ్లీషు మీడియం అని బోర్డు పెట్టిన బడుల్లో చదివి వచ్చిన పిల్లల్లో కూడా ఒక పేరా చదివి అందులో ఏముందో చెప్పలేనివాళ్లను రోజూ చూస్తున్నాం. అక్కడ ఇంగ్లీషు ఫీజు రసీదు మీదనే ఎక్కువ ఉంది.

తరగతి గదిలో నిజంగా జరిగేది వేరే ఉంది, అధికారికంగా ఎవరూ ఒప్పుకోరు. కాగితం మీద బోధన ఇంగ్లీషు. పాఠం చెప్పే మాస్టారు సూత్రం ఇంగ్లీషులో రాస్తారు, వివరణ మరాఠీలోనో, తమిళంలోనో, ఒడియాలోనో చెప్తారు, నోట్సు మళ్లీ ఇంగ్లీషులో చెప్పి రాయిస్తారు. మేమూ అంతే. ఇది దొంగతనం లాగ చేస్తారు, తనిఖీవాళ్లు వచ్చిన రోజు ఆపేస్తారు. ఆఫ్రికాలో కూడా ఇట్లనే ఉంది. టాంజానియాలో ప్రాథమిక చదువు స్వాహిలీలో, ఆ పైన అంతా ఇంగ్లీషులో. అక్కడి పంతుళ్లు కూడా స్వాహిలీలో వివరించి ఇంగ్లీషులో రాయిస్తారు. దక్షిణాఫ్రికాలోని లింపోపో విశ్వవిద్యాలయం వాళ్లు మాత్రం ఇంకో దారి పట్టారు. 2003లో ఒక బీఏ కోర్సు మొదలుపెట్టి కొన్ని పేపర్లు ఇంగ్లీషులో, కొన్ని అక్కడి సెసోతో స లెబోవా భాషలో పెట్టారు. రెండు భాషలూ బాజాప్తా, దాపరికం లేకుండా.

మన దగ్గర కూడా ఒక తలుపు కొంచెం తెరుచుకుంది. 2023 ఏప్రిల్‌లో అప్పటి యూజీసీ అధ్యక్షులు, మన నల్లగొండ జిల్లావారే, మామిడాల జగదీశ్ కుమార్ గారు విశ్వవిద్యాలయాలకు ఉత్తరం రాశారు. కోర్సు ఇంగ్లీషు మీడియం అయినా సరే, పరీక్ష జవాబులు స్థానిక భాషల్లో రాయనివ్వండి అని. ఆజ్ఞ కాదు, కోరడం. ఎన్ని కాలేజీల నోటీసు బోర్డు మీదకు ఎక్కిందో మీరే మీ ఊళ్లో కనుక్కోండి. సమాఖ్య లెటర్‌హెడ్ మీద ప్రతి రాష్ట్రంలోని యూనివర్సిటీకి ఒక విజ్ఞాపన వెళ్లాలని మా మొదటి కోరిక. అందులో తెలుగు కావాలని పట్టుబట్టనక్కరలేదు. మొదటి సంవత్సరం ప్రశ్నపత్రం ఇంగ్లీషులోనూ, ఆ రాష్ట్ర భాషలోనూ రెండింటా అచ్చు వేయమని అడుగుదాం. ప్రశ్నే అర్థం కాక వదిలేసిన జవాబులు ఎన్నో దిద్దేటప్పుడు మాకు కనపడుతూ ఉంటాయి.

ఇక ఫోనులో అనువాదం ఉంది గదా, ఈ తంటా ఎందుకు అని కుర్రకారు అంటున్నారు. సాయం అవుతుంది, కాదనం. కానీ మేము మగ్గం పాఠం ఒక పేజీ ఫోనుకు ఇచ్చి చూశాం. 'రీడ్' అంటే పన్నె అనక రెల్లుగడ్డి అంది. 'షెడ్' అంటే రేకుల షెడ్డు అంది. 'బీటింగ్ అప్' దగ్గర పాపం పేకను చితకబాదేసింది! నవ్వుకున్నాం గాని, మనకు తెలిసిన పాఠం కాబట్టి నవ్వుకున్నాం. తెలియని పాఠంలో ఇట్లాంటివి పడితే పిల్లవాడు కనిపెట్టలేడు.

ఇప్పుడు నిధి మాట. కొన్నేళ్లుగా మన సంఘాలన్నీ చేస్తున్నది మీకు తెలిసిందే. తొంభై శాతం దాటిన పిల్లలను వేదిక మీదకు పిలిచి శాలువా, మెమెంటో, కవరు ఇస్తాం. ఫోటో దిగుతాం. మంచిదే, ఆ పిల్లల కష్టానికి గుర్తింపు ఉండాలి. కానీ ఆ పిల్లలు ఎట్లాగూ చదువుతారు. పన్నెండో తరగతిలో అరవై శాతం తెచ్చుకొని, డిగ్రీ మొదటి ఏడాది రెండు పేపర్లు తప్పి, జూన్‌లో కాలేజీకి రాకుండా కారఖానాకు పోయినవాణ్ణి ఎవరు పిలిచారు? మా హాజరు పట్టీల్లో అట్లాంటి పేర్ల మీద ఎర్రగీత పడుతుంది, అంతే. ఆడపిల్లలైతే గీత పడేలోపు పెండ్లి పత్రిక వస్తుంది.

కాబట్టి మేము అడిగేది, ఈ ఏడు బహుమతుల ఖర్చు సగానికి తగ్గించి, ఆ డబ్బుతో పన్నెండో తరగతి పరీక్షలకు, కాలేజీ తెరవడానికి మధ్య ఖాళీగా ఉండే రోజుల్లో ఆరు వారాలు శిక్షణ పెట్టమని. స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులు కావు. హలో, హౌ ఆర్ యూ నేర్పే దుకాణాలు గల్లీకి ఒకటి ఉన్నాయి. మేము అనేది చదువు ఇంగ్లీషు. కామర్సుకు పోయే పిల్లకు కామర్సు పుస్తకంలోని మొదటి మూడు పాఠాలు, సైన్సుకు పోయే పిల్లకు ఆ మూడు పాఠాలు. ముందు సొంత భాషలో నోటితో చెప్పించాలి, ఏ భాషలు కలిసినా పరవాలేదు. తర్వాత ఇంగ్లీషు పేజీ చదివించాలి. ఆఖరున నాలుగు వాక్యాలు రాయించాలి. ఒక నోట్‌బుక్కులో మూడు గళ్లు గీసి ఇంగ్లీషు మాట, ఊరి భాష మాట, ఇంటి మాట పక్కపక్కన రాసుకోవాలి. అచ్చు అతికేటప్పుడు పాత పడుగు కొసలు కోసి పారేస్తామా? ఒక్కో కొసకు ఒక్కో కొత్త పోగు అతికి ముందుకు లాగుతాం. ఈ పని కూడా అంతే నిదానంగా, పోగు పోగుకూ చెయ్యవలసిందే.

నేర్పేదెవరు? బయట నుంచి పెద్ద జీతాల ట్రైనర్లు వద్దు. రెండో ఏడు, మూడో ఏడు చదువుతున్న మన పిల్లలే నేర్పాలి. నిన్న మొన్న తాము ఎక్కడ తట్టుకొని పడ్డారో వాళ్లకు గుర్తుంటుంది. వాళ్లకు నెలకు కొంత చెల్లిస్తే వాళ్ల ఫీజుకూ ఆసరా. సోలాపూర్‌లో ఒక సంఘ భవనంలో పోయిన వేసవి చిన్నగా మొదలుపెట్టి చూశాం. వచ్చినవాళ్లు కొద్దిమందే, అందుకని అంకెలు చెప్పి గొప్పలు పోము. ఒక సంగతి మాత్రం చెప్తాం. మొదటి వారం నోరు విప్పని ఒక పిల్ల, నాలుగో వారంలో ఘసారా పాఠం బోర్డు దగ్గర నిలబడి మిగతావాళ్లకు చెప్పింది. వాళ్ల ఇంటి పవర్‌లూం కొన్న ధర, దాని వయసు, ఇప్పుడు తుక్కువాడు ఇస్తానన్న ధర, అన్నీ అసలు అంకెలే పెట్టి. సాయంత్రం వాళ్ల బాపు వచ్చి, మా మగ్గం ధర ఊరందరికీ ఎందుకు చెప్పింది అని మా మీద కోపం చేశాడు. చాయ్ తాగించి పంపాం.

సేలం, కోయంబత్తూరు వాళ్లు తమిళ మాటలతో నోట్‌బుక్కు తయారు చేసుకోవాలి, బరంపురంవాళ్లు ఒడియాతో. ఒకరిది ఇంకొకరికి పనికిరాదు. మగ్గం పాఠాలు మాత్రం అందరికీ కలిపి ఒకటి చేద్దాం. సేలంలో చేనేత సాంకేతిక సంస్థ ఉంది, వెంకటగిరిలో ప్రగడ కోటయ్య గారి పేరు మీద ఉన్న సంస్థ ఉంది. అక్కడ చదివి వచ్చినవాళ్లు ఈ సభలో కొందరు ఉన్నారని తెలిసింది. వాళ్లు ముందుకు రావాలి. పాఠాన్ని పది నిమిషాల ఆడియోగా ఇంటి భాషలో చెప్పి వాట్సాప్‌లో పంపితే చాలు. మగ్గం నడుపుతూ కూడా వినవచ్చు.

కన్నడం, ఒడియా నోట్‌బుక్కులకు మనుషులు ఇంకా దొరకలేదు. మే మొదటి వారంలో మొదలుపెట్టాలంటే ఏప్రిల్ పదిహేనులోపు ప్రతి ఊరి సంఘం మూడు సంగతులు తెలపాలి: హాలు ఇస్తారా, ఎంతమంది పిల్లలు, నేర్పే పెద్ద పిల్లలు ఎవరు. హాలు పెండ్లిళ్లకు బుక్ అయిపోయిందనే జవాబు మాకు ముందే తెలుసు. పొద్దున ఏడు నుంచి తొమ్మిది వరకు పెండ్లివారు కూడా పడుకొనే ఉంటారు, ఆ రెండు గంటలు ఇవ్వండి చాలు. తీర్మానం కాగితం కార్యదర్శి గారి దగ్గర ఉంది. సందేహాలు ఉంటే ఇప్పుడే అడగండి, ఏ భాషలో అడిగినా సరే.